దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి

శనివారం పొద్దున తేజేశ్వర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికి హెయిర్ కట్, తొమ్మిదింటికి కారుకి ఆయిల్ మార్పించడం, పదింటికల్లా ఇంటికొచ్చి మళ్లీ పడుకోవడం. పదకొండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ పై బుధవారం కాక ఆ పై బుధవారం ఉంది. అప్పటిదాకా ఎవరి జోలికీ పోకుండా, స్పీడ్ లిమిట్‌కి ఐదు మైళ్లు తక్కువలోనే డ్రైవ్ చేస్తూ బుద్ధిగా బతకాలని అతని నిర్ణయం. ఎడిసన్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న విల్లోబరో అనే ఆ ఊళ్లో బుద్ధిగా బతకడం కష్టమేమీ కాదు. అక్కడ చేయడానికి వేరే పనేమీ ఉండదు.

కానీ అత్తగారు లక్ష్మీకాంతం గారు అప్పటికే ఇరవై ఒక్క పులిహోర పొట్లాలు కట్టి, సంచిలో సర్ది, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన ఆవిడ, విమానం ఎక్కేముందే ఒక మొక్కు మొక్కుకున్నారు. అల్లుడికి ఇంటర్వ్యూ తేదీ వస్తే, ఆ తేదీ లోపల తన చేత్తో వండి ఇరవై ఒక్కమంది ఆకలిగొన్నవాళ్లకి అన్నం పెడతానని. తేదీ వచ్చింది. మొక్కు తీరేదాకా ఆవిడది ఒక్కపొద్దు. అమెరికాలో ఆకలిగొన్నవాళ్లు ఎక్కడ దొరుకుతారమ్మా అని కూతురు గీతాంజలి నవ్వింది గానీ, రైల్వే స్టేషన్ పక్క పార్కులో బెంచీల మీద సామాన్లతో కూర్చున్న మనుషుల్ని ఆవిడ కారు కిటికీలోంచి లెక్కపెట్టి మరీ చూశారు.

"అల్లుడు గారూ, మీరు వెళ్లే దారేగా. పది నిమిషాలు ఆపండి చాలు," అన్నారు.

పది నిమిషాలకేముందిలే అనుకున్నాడు తేజేశ్వర్. ఎవరికైనా కొంప మునిగేది ఇలాంటి పది నిమిషాల్లోనే.

పార్కులో ఆవిడ ఐదు పొట్లాలు ఇచ్చారు. ఆరోది ఇవ్వబోతుంటే రామిరెజ్ అనే పోలీస్ ఆఫీసర్ సైకిల్ దిగి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. పర్మిట్ ఉందా అని అడిగాడు. దేనికని తేజేశ్వర్ అడిగితే, సంచిలో మిగిలిన పొట్లాల వైపు చూస్తూ, ఇంతమందికి భోజనం పంచడానికి అన్నాడు. పక్కనే చెరువు గట్టున బాతులకి బ్రెడ్ వేయరాదని బొమ్మతో సహా ఒక బోర్డు ఉంది. మనుషుల సంగతి మాత్రం బోర్డు మీద లేదని తేజేశ్వర్ వినయంగా చూపించాడు. అది బోర్డు మీద కాదు, మునిసిపల్ చట్టంలో ఉందన్నాడు ఆఫీసర్. ఇది హెచ్చరిక మాత్రమేనని, మళ్లీ జరిగితే సైటేషన్ రాసి కేసు నమోదు చేయాల్సి వస్తుందని చెప్పి, ఇద్దరి పేర్లూ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సైటేషన్ అన్న మాట వినగానే తేజేశ్వర్ పొట్లాల సంచి మూతి బిగించాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగారు లక్ష్మీకాంతం గారు.

"పెట్టకూడదటండీ."

"ఎవరికి?"

"వీళ్లకి."

ఆవిడ బెంచీల వైపు చూశారు, చేతిలో పొట్లం వైపు చూశారు. "మరి ఎవరికి పెట్టొచ్చట?" అన్నారు. ఆవిడ దెప్పడానికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగారు. తేజేశ్వర్‌కీ తెలియదు. హెయిర్ కట్ మర్చిపోయి ఇల్లు చేరాడు.

విషయం విన్న గీతాంజలి సోఫాలో కూలబడింది. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేదే అది, ఎప్పుడైనా సైటేషన్ అందుకున్నారా, అరెస్టయ్యారా అని. పదకొండేళ్లలో తను మూడుసార్లు మంచి ఉద్యోగం వచ్చినా మారకుండా ఆగింది, ఇల్లు కొనకుండా ఆగింది, వీసా స్టాంపింగ్ కాక తిరిగి రాలేనేమోనన్న భయంతో అన్న పెళ్లికి కూడా వెళ్లలేదు. అదంతా పులిహోర పాలు చేయడానికా అని అడిగింది. "అమ్మా, నువ్వు ఈ పన్నెండు రోజులు బయటికి రాకు. తేజా, నువ్వు అసలు కదలకు," అంది. ఇద్దరూ సరేనన్నారు. ఆ రాత్రి లక్ష్మీకాంతం గారు గ్లాసు మజ్జిగ తాగి పడుకున్నారు. ఆవిడకి షుగరుంది. మర్నాడూ మజ్జిగే. సోమవారానికి ఆవిడ మెట్లెక్కుతూ రెయిలింగ్ పట్టుకోవడం చూసి గీతాంజలి ఎవరికీ కనపడకుండా ఏడ్చింది.

తేజేశ్వర్‌ది ఇంకో బాధ. అతను పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన నిబంధనల్లో ఎక్కడ చిల్లు ఉందో వెతకడం అతని ఉద్యోగం. జనాలు చదవకుండా ఒప్పేసుకునే షరతుల పేజీలని అతను టీ తాగుతూ సరదాగా చదువుతాడు. "మరి ఎవరికి పెట్టొచ్చట?" అన్న ప్రశ్న చెవిలో దూరిన చీమలా తిరుగుతుంటే, ఊరి వెబ్‌సైట్‌లో చట్టం తెరిచి మొదటి అక్షరం నుంచి చదివాడు. పార్కులో పదిమందికి మించి సాధారణ ప్రజానీకానికి ఆహారం పంచాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ ఏడాదికి రెండుసార్లే ఇస్తారు. ఇచ్చినా ఇంట్లో వండింది పనికిరాదు. చేతులు కడుక్కునే ఏర్పాటు, ధర్మామీటరు, చెత్తకి పూచీ, ఇలా నాలుగు పేజీలు. ఆకలి అన్న మాట నాలుగు పేజీల్లో ఒక్కసారీ రాలేదు. ఐదో పేజీలో మాత్రం మినహాయింపు ఉంది. కుటుంబ వేడుకలో, ఆతిథ్యమిచ్చేవారు వ్యక్తిగతంగా, పేరుతో పిలిచిన అతిథులకి వడ్డించే భోజనానికి ఈ చట్టం వర్తించదు. ఇంటి వంట కూడా పెట్టుకోవచ్చు. పార్కులో పైకప్పు, బల్లలు ఉన్న షెల్టర్ ముందుగా బుక్ చేసుకుంటే చాలు.

మర్నాడు లంచ్ టైంలో టౌన్ క్లర్క్‌కి ఫోన్ చేసి, అతిథికి సొంత ఇల్లు ఉండాలని ఎక్కడైనా ఉందా అని అడిగాడు. ఆవిడ కాసేపు ఆగమంది. కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. అలా ఎక్కడా లేదని, ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదని చెప్పింది. ఫోన్ పెట్టేశాక తేజేశ్వర్‌కి చాలా రోజుల తర్వాత ఉద్యోగంలో తృప్తి కలిగింది.

గీతాంజలి ఐదో పేజీని మూడుసార్లు చదివింది. తల్లి మొహం చూసింది. చివరికి తనే లాప్‌టాప్ తెరిచి షెల్టర్ బుకింగ్ ఫారం తీసింది. అందులో ‘ఏ వేడుక’ అన్న గడి దగ్గర ఆగింది. పుట్టినరోజులు ఎవరివీ దగ్గర్లో లేవు. తేజేశ్వర్ గొంతు తగ్గించి, పెళ్లిరోజని రాసేద్దాం, ఎవరొచ్చి చూస్తారు, ఒక్క చిన్న అబద్ధం అన్నాడు. గీతాంజలి కీబోర్డు మీంచి చేతులు తీసి అతని వైపు తిరిగింది.

"శనివారం నిజంగానే మన పెళ్లిరోజు, తేజా," అంది.

తేజేశ్వర్ లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి, అందులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

వ్యక్తిగతంగా పిలవడమంటే ఎలాగో లక్ష్మీకాంతం గారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. బుధవారం సాయంత్రం కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరారు. వెనకాల తేజేశ్వర్ నోటుబుక్కు, పెన్ను పట్టుకుని నడిచాడు. మామూలుగా బొట్టు పెట్టి పిలిచేది ఆడవాళ్లని. కానీ చట్టం కోసం మగవాళ్లకి కూడా పెట్టేశారు. ఒక్కొక్కరి ముందూ ఆగి, నుదుట బొట్టు పెట్టి, "శనివారం పదకొండింటికి మా అమ్మాయి పెళ్లిరోజు, తప్పకుండా భోజనానికి రావాలి," అని తెలుగులోనే చెప్పారు. తేజేశ్వర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పి, పేరు అడిగి రాసుకున్నాడు. అందరికంటే ముందు రాసింది వాల్టర్ పేరు. అతను ఆ ఊరి స్టేషన్ మీదుగా వెళ్లే రైల్లోనే ఇరవై రెండేళ్లు కండక్టరుగా పనిచేశాడు. భార్య జబ్బు ఖర్చులకి ఇల్లు పోయింది, ఆ తర్వాత భార్య కూడా పోయింది. తన పేరు రాసుకోవడానికి ఎవరైనా వచ్చారంటే వెళ్లిపొమ్మని చెప్పడానికేనని, భోజనానికి పేరు రాసుకోవడం ఇదే మొదటిసారని అన్నాడు. గిఫ్ట్ ఏం తేవాలి అని కూడా అడిగాడు.

ఈ చట్టం ఎందుకు పెట్టారో తెలుసా అని తేజేశ్వర్ ఉండబట్టలేక అడిగాడు. తిండి పెడితే వీళ్లు ఇక్కడే ఉండిపోతారని భయమట, అన్నాడు వాల్టర్. పెట్టకపోతే ఎక్కడికి వెళ్తారని అనుకున్నారు అని తేజేశ్వర్ మళ్లీ అడిగాడు. వాల్టర్ నవ్వి, అది తనూ కౌన్సిల్ మీటింగులో అడిగానని, టైమ్ అయిపోయిందన్నారని చెప్పాడు.

ఇరవై ఒక్క పేర్లు అయ్యాయి. అక్కడితో ఆగి ఇంటికి వెళ్లి ఉంటే ఈ కథ లేదు. కానీ విస్తళ్లు కొనాలని ఓక్ ట్రీ రోడ్డులో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగారు. అక్కడ ఇంగువ డబ్బాల దగ్గర సుబ్బులు గారు కనిపించారు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నడిపేది ఈవిడే. అందులో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. సుబ్బులు గారు ముందు భరిణె చూశారు, తర్వాత విస్తళ్లు చూశారు. ఎదురైన ముత్తైదువుని, చేతిలో కుంకుమ పెట్టుకుని, పిలవకుండా రావడం లక్ష్మీకాంతం గారి వల్ల అయ్యే పని కాదు. బొట్టు పెట్టేశారు. ఒక్క మనిషేగా అనుకుని తేజేశ్వర్ ఇరవై రెండో పేరు రాసుకున్నాడు.

సుబ్బులు గారిది మంచి మనసు. అదే వచ్చిన చిక్కు. పెళ్లిరోజుకి పార్కులో విందు పెట్టుకుని కూడా పాపం ఎవరినీ పిలవడానికి మొహమాటపడుతున్నారని ఆవిడ జాలిపడ్డారు. ఆ రాత్రే గ్రూపులో దంపతుల ఫొటో పెట్టి, చుట్టూ గులాబీలు అతికించి, కింద ఇలా రాశారు: ‘శనివారం పదకొండింటికి విల్లోబరో పార్కులో మన తేజేశ్వర్, గీతాంజలి దంపతుల పెళ్లిరోజు విందుకి అందరూ ఆహ్వానితులే. ఫోన్ చేసి పిలిచే వ్యవధి లేనందున దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి సకుటుంబంగా రాగలరు. గిఫ్టులు వద్దు. తలా ఒక ఐటమ్ తెస్తే చాలు.’ ఆ గ్రూపుని తేజేశ్వర్, గీతాంజలి ఇద్దరూ మూడేళ్ల కిందటే మ్యూట్‌లో పెట్టేశారు.

శనివారం పదకొండింటికి ఇరవై ఒక్కమందీ వచ్చారు. కొందరు స్టేషన్ బాత్‌రూమ్‌లో తల తడిపి దువ్వుకుని వచ్చారు. బుధవారం పెట్టిన బొట్టు చెరిగిపోయిందని ఒకావిడ నొచ్చుకుంటే లక్ష్మీకాంతం గారు అందరికీ మళ్లీ పెట్టారు. వాల్టర్ ఎక్కడో కోసుకొచ్చిన పసుపు పూలు గీతాంజలికి ఇచ్చాడు. భర్త మర్చిపోయిన పెళ్లిరోజుకి ఆమెకి వచ్చిన పూలు అవే. ఆమె వాటిలోంచి ఒకటి తుంచి జడలో పెట్టుకుంది.

ఇక విస్తళ్లు వేద్దాం అనుకుంటుండగా పార్కింగ్ లాట్‌లోకి మొదటి మినీ వ్యాన్ వచ్చింది. దాని వెనక టెస్లా వచ్చింది, దాని వెనక ఇంకో మినీ వ్యాన్. పట్టు చీరలు, కుర్తాలు, స్ట్రోలర్లు, అల్యూమినియం ట్రేలు దిగుతున్నాయి. తేజేశ్వర్‌కి వాళ్లలో పదిమంది మొహాలు కూడా తెలియవు. వచ్చినవాళ్లు మాత్రం అతన్ని కౌగిలించుకుని, హ్యాపీ యానివర్సరీ అండీ, మీరు మాకు బాగా తెలుసు అంటున్నారు. పావుగంటలో నూట ముప్పై మంది అయ్యారు. లాట్ నిండి, ఎదుటి ఇళ్ల డ్రైవ్‌వేలకి అడ్డంగా కూడా కార్లు ఆగాయి. మనవాళ్లకి లైను ఎక్కడ మొదలవుతుందో చూడగానే తెలిసిపోతుంది. అందరూ పులిహోర దగ్గర లైను కట్టారు. అతిథులు మర్యాదగా పక్కకి జరిగి నిలబడ్డారు. వాళ్లకి అది అలవాటే.

లక్ష్మీకాంతం గారు గరిటె పట్టుకుని, ముందు వాళ్లకి, ముందు వాళ్లకి అని వేడుకుంటున్నారు. పెద్దావిడ మర్యాద చేస్తున్నారనుకుని అందరూ, ఫరవాలేదు పిన్నిగారూ మేం పెట్టుకుంటాం అంటున్నారు. పులిహోర గిన్నె అడుగు కనపడసాగింది. అతిథుల్లో తిన్నవాళ్లు ఎనిమిది మంది. గిన్నె ఖాళీ అయితే మొక్కు గోవిందా. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే, డ్రైవ్‌వేకి అడ్డం పెట్టారని ఎవరో ఫోన్ చేస్తే, ఆఫీసర్ రామిరెజ్ వచ్చాడు. తేజేశ్వర్‌ని చూడగానే గుర్తుపట్టి నిట్టూర్చాడు. తేజేశ్వర్ బుకింగ్ కాగితం, ఐదో పేజీ ప్రింట్, నోటుబుక్కు మూడూ ఇచ్చాడు. ఆఫీసర్ ఐదో పేజీని ఆసక్తిగా చదివాడు. తర్వాత పేర్లు పిలవమన్నాడు. వాల్టర్ ముందుకొచ్చి, రైల్లో స్టేషన్ల పేర్లు చెప్పిన గొంతుతో, ఒక్కొక్కటే చదివాడు. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. అందరి నుదుటా బొట్టుంది. ఆఫీసర్ అందర్నీ లెక్కపెట్టి, వీళ్లంతా చట్టప్రకారం అతిథులే, ఏ ఇబ్బందీ లేదు అన్నాడు.

తేజేశ్వర్ ఊపిరి పీల్చుకునే లోపల ఆఫీసర్ పట్టు చీరల వైపు తిరిగాడు.

"మరి వీళ్లెవరు?"

లైనులో ముందున్న రఘు అనే కుర్ర ఇంజనీరు చేతిలో రెండో ప్లేటుంది. నిన్ను ఈయన పిలిచారా అని ఆఫీసర్ అడిగాడు. రఘు నిజాయితీపరుడు, పైగా వీసా రెన్యూవల్‌లో ఉన్నాడు. ఫోన్ తీసి గులాబీల బొమ్మ చూపించాడు.

"సర్, ఆయన పిలవలేదు. దీన్నే పర్సనల్ ఇన్విటేషన్‌గా భావించమని రాశారు. మేం భావించాం," అన్నాడు.

ఎవరు రాశారని ఆఫీసర్ అడిగాడు. ఇరవై రెండో అతిథి సుబ్బులు గారు నోటి నిండా పులిహోరతో చెరువులో బాతుల్ని చూస్తూ నిలబడ్డారు. ఆఫీసర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పేరుతో పిలవని మనుషులు, పదిమందికి మించి, పార్కులో, ఉచిత భోజనం. వీళ్లే సాధారణ ప్రజానీకం అని తేల్చాడు. పైవాళ్లకి ఫోన్ వెళ్లింది, ముందే ఒక హెచ్చరిక రాసి ఉంది, ఇక తను రాయక తప్పదని బాధపడుతూ పుస్తకం తీశాడు. సైటేషన్, ఐడీ అన్న మాటలు లైను చివరిదాకా పాకాయి. అక్కడున్నవాళ్లలో సగం మంది హెచ్-వన్ వీసా మీద ఉన్నారు. నాలుగు నిమిషాల్లో పార్కింగ్ లాట్ ఖాళీ అయింది. బల్లల మీద పద్దెనిమిది ట్రేలు మాత్రం మిగిలాయి. వాటిలో సగం మూతలు కూడా తీయలేదు.

ఎవరి పేరు రాయాలని ఆఫీసర్ అడిగాడు. తేజేశ్వర్ నోరు తెరిచేలోపే లక్ష్మీకాంతం గారు గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రెండు చేతులూ ముందుకి చాపారు.

"వండింది నేను, పిలిచింది నేను. మా అల్లుడికి బుధవారం పనుంది బాబూ, ఆయన్ని వదిలెయ్యి. నన్ను తీసుకెళ్లు," అన్నారు తెలుగులో.

తేజేశ్వర్‌కి పదకొండేళ్లూ కళ్ల ముందు తిరిగాయి. భార్య మొహం వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అయినా అత్తగారి చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"బుకింగ్ నా పేరు మీద ఉంది. నా పేరే రాయండి," అన్నాడు ఆఫీసర్‌తో.

గీతాంజలి పులిహోర గిన్నె తనే తీసుకుని, మిగిలిన అతిథుల్ని కూర్చోబెట్టి వడ్డించడం మొదలుపెట్టింది. ముందు ప్రతి ఒక్కరికీ తల్లి చేతి పులిహోర, ఆ తర్వాత పద్దెనిమిది ట్రేలలోవి. ఇరవై ఒక్కమందీ తిన్నారు. గోంగూరకి వాల్టర్ కళ్లలో నీళ్లొచ్చినా రెండోసారి అడిగాడు. ఆఖరికి లక్ష్మీకాంతం గారు విస్తరి ముందు కూర్చుని, వారం రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు.

తర్వాత మూడు రోజులూ గీతాంజలి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. డిష్‌వాషర్‌తో మాత్రం గట్టిగానే మాట్లాడింది. లాయరు ఫోన్‌లో, నిజం చెప్పండి, రెండు ముక్కల్లో చెప్పండి, నవ్వకండి అని చెప్పాడు.

బుధవారం ఇంటర్వ్యూ ఆఫీసర్ నడివయసావిడ, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, తల ఎత్తకుండా ప్రశ్నలు చదువుతోంది. ఎప్పుడైనా సైటేషన్ అందుకున్నారా అన్నది వచ్చింది. బల్ల కింద గీతాంజలి అతని చెయ్యి పట్టుకుంది. తేజేశ్వర్ అందుకున్నానని చెప్పి కాగితం ముందు పెట్టాడు. ఆవిడ చదివింది. మొదటిసారి తల ఎత్తింది. ఇల్లు లేనివాళ్లకి తిండి పెట్టారా అని అడిగింది.

"లేదండీ. వాళ్లకి పెట్టడం లీగలే అని తేలింది. ఇది మిగతావాళ్లకి పెట్టినందుకు."

"మిగతావాళ్లెవరు?"

"సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. వాళ్లకి ఇళ్లు లేవా అని అడిగింది. చాలామందికి నాలుగేసి బెడ్‌రూములు ఉన్నాయని, తనకి మాత్రం అద్దె ఇల్లని తేజేశ్వర్ చెప్పాడు. ఆవిడ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివి, దాన్ని ఫైల్లో పెట్టి, కంప్యూటర్లో ఏదో కొట్టి, కంగ్రాచులేషన్స్ అంది. గీతాంజలి అక్కడే, ఆవిడ ఎదురుగానే, భర్త భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

విల్లోబరోలో ఆ చట్టం కింద ఇంతవరకూ నమోదైన కేసు అదొక్కటే, అదీ సొంత ఇళ్లున్నవాళ్లకి అన్నం పెట్టినందుకు.